పస్తు కుండీలు

పాపకి జడ వేసేటప్పుడే ఆమెకి పాఠం చదువుకునే తీరిక. పుస్తకాన్ని పాప ఒళ్ళో తెరిచి పెట్టి, దాని భుజం మీదుగా చదివేది. పేజీ తిప్పడం పాప పని. అందుకే ఇంకా అక్షరాలు కూడబలుక్కునే ఆ పిల్లకి వేరు, కాండం, ఆకు బొమ్మలన్నీ కంఠతా వచ్చు.

పెళ్ళితో ఆగిన డిగ్రీని పాప బడికి పోవడం మొదలెట్టాక మళ్ళీ అందుకుంది. కాలేజీలో ఉంటే ఇల్లు, ఇంట్లో ఉంటే కాలేజీ మనసుని పీకేవి. బస్సులో సీటు దొరికినా మునివేళ్ళ మీద నిలబడ్డట్టే ఉండేది. భర్తకి ప్రెస్సులో షిఫ్టులు. ఇల్లు చూసుకునేది అత్తగారు, కాకపోతే ఆవిడ గడప దాటి అంతదూరం నడవలేదు.

ఇప్పుడు చివరి ఏడాది ప్రాజెక్టు. నీళ్ళు లేకపోతే చిక్కుడు మొలకలు ఎంత ఎదుగుతాయో కొలవాలి. ల్యాబులో సాయంత్రం దాకా ఉంటే పాపని బడి నుంచి తెచ్చేదెవరు? ప్రాజెక్టు చూసే మేడంని బతిమాలి కుండీలు ఇంటికి తెచ్చుకుంది. కిటికీ గట్టు మీద రెండు వరసలు. మొలకెత్తాక ఒక వరసకి రోజూ నీళ్ళు, రెండో వరసకి చుక్క కూడా లేదు.

"మొక్కల్ని పస్తు పెట్టి చదివే చదువేంటమ్మా," అంది అత్తగారు. అప్పట్నుంచీ ఇంట్లో వాటి పేరు పస్తు కుండీలు.

ఏమైందో, పస్తు కుండీలు పక్క వరసతో పోటీపడి ఎదిగాయి. ఆమె స్కేలు మార్చి కొలిచింది. మట్టిని అనుమానించింది, చివరికి తన కళ్ళనే అనుమానించింది. మేడం ఆ కొలతలు చూసి, నీళ్ళక్కర్లేని చిక్కుడు కనిపెట్టావు, రైతులు నీకు దండం పెట్టుకుంటారు అంది. మళ్ళీ మొదట్నుంచి చేయమంది. పరీక్షల లోపు ఇవ్వకపోతే ఏడాది పోయినట్టేనంది.

ఆ రోజు పాపని బడి నుంచి తెచ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అది కుర్చీ ఎక్కి, బడి సీసాలో మిగిలిన నీళ్ళు పస్తు కుండీల్లో ఒంపుతోంది. చప్పుడు కాకుండా, ఎంతో శ్రద్ధగా.

కేకెయ్యబోయి ఆగింది. నీళ్ళు లేకపోతే మొక్కలు పాపం చచ్చిపోతాయని జడ వేస్తూ చెప్పింది తనే.

కొలతలు అందాజుగా వేసి ఇచ్చెయ్, ఎవరు చూడొచ్చారు అన్నాడు భర్త. ఆ ఆలోచన తనకీ రాకపోలేదు. అందుకే అతని మీద అంత విసుక్కుంది.

కొత్త గింజలు నాటి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పింది. ఈ వరసకి నీళ్ళు పొయ్యకూడదు. ఇవి వాడిపోతాయి. అమ్మ కొలిచి రాసుకోవాలి.

"వాడిపోతే నొప్పేస్తుందా?"

"వెయ్యదు," అంది. పాప మొహం చూశాక, "రాయడం అయిపోగానే నీళ్ళు నువ్వే పోద్దువుగాని," అని కలిపింది.

పాప మాట తప్పలేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కిటికీ ముందు కూర్చునేది. ఆకులు వేలాడాయి, కొలతలు రావాల్సినట్టే వచ్చాయి. సంతోషించాల్సింది పోయి ఆమెకి కాలు నిలవలేదు. కొలిచి వంటింట్లోకి పోయి, మళ్ళీ వచ్చి పాపని చూసేది. పస్తు మొక్కలకో మీ ఇద్దరికో తెలియట్లేదంది అత్తగారు.

ఆఖరి రోజు పొద్దున పాప సీసా పట్టుకుని పక్కనే నిలబడింది.

"అయిందా?"

"ఇంకొక్కటి."

స్కేలు ఆనించి, అంకె చూసి, రాసుకోకుండానే "పోసెయ్," అంది. మర్చిపోకుండా ఆ అంకెని పైకే వల్లిస్తూ పెన్ను వెతుక్కుంది. పాప కూడా అదే వల్లిస్తూ నీళ్ళు పోసింది.

వాడిన వాటిలో ఎన్ని మళ్ళీ లేస్తాయన్నది ప్రాజెక్టులో లేదు. అయినా ఆ సాయంత్రం బస్సు ఇంకా ఆగకముందే ఆమె మెట్టు మీదికొచ్చి నిలబడింది.