బరువైన లెన్సు

టైలరక్క మొండిఘటం. కుడిచేతికి వణుకు పట్టుకోగానే ఇంట్లోవాళ్లంతా ఏకమై కుట్టుపని మాన్పించేశారు. ఇక మిగిలింది కెమెరా ఒక్కటే. బాల్కనీ కుండీల్లో గంతులేసే సాలీళ్లను ఫోటోలు తీయడమంటే ఆమెకు ప్రాణం. అదీ పోతే తను ఉత్త రోగిష్ఠిదై మూల కూర్చోవాల్సి వస్తుందని లోలోపల ఒకటే భయం.

పాత లెన్సుకు సాలీడు ఆవగింజంత కూడా కనిపించడం లేదు. అందుకే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కెమెరా దుకాణానికి వెళ్లింది. సంచిలో సీసా, సీసాలో సాక్షాత్తూ సాలీడు!

దుకాణందారు చిన్నవాటిని పెద్దగా చూపే మాక్రో లెన్సులు రెండు ముందు పెట్టాడు. ఒకటి పొట్టిది, తేలిక. రెండోది పొడుగు, మంచి బరువు.

"మీ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ చిన్నది కదమ్మా, పొట్టిదే బోలెడు దగ్గరగా చూపిస్తుంది" అన్నాడు.

"అదే తీసుకో అక్కా. నీ చేతికి ఆ బరువెందుకు? మరీ కష్టమైతే ఫోటోలు నేను తీసిపెడతాలే" అన్నాడు తమ్ముడు. ప్రేమతోనే అన్నాడు పాపం. అక్కకు మాత్రం ఒళ్లు మండింది.

"అప్పుడవి నీ ఫోటోలవుతాయిరా. మాట్లాడకుండా సీసా మూత తియ్యి."

కౌంటరు మీది పూలకుండీలో సాలీణ్ణి వదిలారు. పొట్టి లెన్సుతో దాదాపు ఆకును ఆనుకునేంత దగ్గరికి పోవాల్సి వచ్చింది. చెయ్యి వణికింది, లెన్సు ఆకుకు తగిలింది, సాలీడు ఎగిరి కాలిక్యులేటర్ మీద పడింది. దుకాణందారు "అమ్మో!" అంటూ కుర్చీ వెనక్కి దూరాడు. తెరమీద అంతా మసక. తమ్ముడు జాలిగా చూశాడు. ఆ జాలే ఆమెకు గిట్టదు.

"రెండోది ఇవ్వండి."

"అక్కా, అది ఇంకా బరువు..."

"ఆగరా బాబూ! వణుకు మొదలైన కొత్తలో దారాలు తెంపే బుల్లి కత్తెర నా చేతిలో చిందులేసేది. గుడ్డ కోసే పెద్ద కత్తెర మాత్రం బుద్ధిగా నడిచేది. బరువుంటేనే నా చెయ్యి కుదురుగా ఉంటుంది."

పొడుగు లెన్సు కావడంతో కాలిక్యులేటర్ మీది సాలీడుకు దూరం నుంచే గురి చూసింది. మోచేతులు కౌంటరుకు ఆనించింది. తమ్ముడు చప్పున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదులు."

వదల్లేదు.

"వదలరా!"

వదిలాడు. క్లిక్కుమంది. తెరమీద సాలీడు నల్లని కళ్లు నిగనిగలాడుతూ కనిపించాయి, వాటి చుట్టూ ఉన్న నూగుతో సహా. తమ్ముడు తెరమీదికి వంగి చూశాడు.

"ముందు ఆ పురుగును తీసెయ్యండమ్మా!" అని మొత్తుకున్నాడు దుకాణందారు.

కెమెరా దించగానే చెయ్యి మళ్లీ వణకసాగింది. నలుగురిలో ఉంటే ఎప్పుడూ వెనక్కి దాచుకునే ఆ చేత్తోనే టైలరక్క లెన్సును అతనికి అందించింది.

"తీస్తాను గానీ, ఇది ప్యాక్ చెయ్యండి."