పిండిమర సందులోకి దారి

అతని ముఖం ఎవరికీ గుర్తుండేది కాదు. చాలా ఏళ్ళు కరెంటు మీటర్ల రీడింగు తీస్తూ ఊళ్ళో ప్రతి గుమ్మమూ ఎక్కి దిగాడు. తలుపు తీసినవాళ్ళు మాత్రం అతన్ని చూడకుండా అతని చేతిలోని మిషను చూసేవారు. తర్వాత మీటర్లు తమ లెక్క తామే ఆఫీసుకు చెప్పుకోవడం నేర్చాయి. అతను ఇంటికి వచ్చేశాడు. కాళ్ళు ఆ ఉద్యోగం మానలేదు. పొద్దున్నే చెప్పులు వెతుక్కునేవి.

ఆ గుర్తుండని ముఖమే అతనికి రెండో పని తెచ్చిపెట్టింది.

రేవునూ పాత గోడలనూ ఎత్తుపల్లాల రాతి సందులనూ చూడటానికి టూరిస్టులు ఎక్కువవుతున్న రోజులు. యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధకురాలు వచ్చి, బస్టాండు ఎదురుగా మేడ మీద గది తీసుకుంది. వచ్చినవాళ్ళు ఏ దారిన వెళ్తారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ విసుగు పుట్టి వెనక్కి తిరుగుతారు అన్నది ఆమె చదువు. అడిగితే మనుషులు చెప్పేది ఒకటి, చేసేది ఒకటి. మ్యూజియం చూశామంటారు, అరగంట నిలబడింది ఐస్‌క్రీం బండి దగ్గర. అందుకని ఏమీ అడగకుండా వాళ్ళ వెనక నడిచే మనిషి కావాలి. మాట కలపకూడదు, ఫొటో తీయకూడదు. దూరంగా నడిచి, సాయంత్రం వచ్చి నోటితో చెబితే చాలు. గోడకు అంటించిన ఊరి పటం మీద ఆమె ఆ దారిని ఎర్ర పెన్సిలుతో గీసుకునేది.

వీధివాళ్ళు అతనికి ‘తోక’ అని పేరు పెట్టారు. ఇవాళ ఎవరికి అతుక్కున్నావని మంగలిషాపులోంచి అడిగేవారు. వదిన ఇంకో అడుగు ముందుకు వేసేది.

“ఈ నడకేదో పెళ్ళిచూపులప్పుడు నడిచుంటే, ఈపాటికి నాకో తోడికోడలు ఉండేది కదయ్యా మరిదీ.”

వదిన పిండిమర నడిపేది. అన్న పోయాక బెల్టు తగిలించడం, రాళ్ళకు గాట్లు వేయడం ఆమే నేర్చుకుంది. మర ఆడుతుంటే సందంతా సన్నగా వణికేది. పిండి ఆమె కనుబొమల మీద, ముంజేతుల మీద మెల్లగా వాలేది. పొద్దుగూకే వేళకు ఆమె ఒక్కతే తెల్లవారుతున్నట్టు ఉండేది.

కానీ సందులో ఇళ్ళు ఒక్కొక్కటే లాడ్జీలయ్యాయి. లాడ్జీలో దిగినవాళ్ళు గోధుమలు ఆడించుకోరు. మధ్యాహ్నాలు మర ఆగిపోయి ఉండేది. అన్న పోయిన రోజున కూడా అతనికి అంత నిశ్శబ్దం వినిపించలేదు. ఇలాగే ఉంటే ఇంకో వానాకాలం గడవదనీ, ఈ వయసులో ఇంకో పని తనకు చేతకాదనీ వదిన ఒకసారి అంది. ఏడుపులా కాదు, మబ్బు పట్టిందని చెప్పినట్టు అంది.

మేడ మీది గదిలో ఆ పటాన్ని అతను రోజూ చూసేవాడు. రేవు నుంచి గడియారస్తంభం దాకా గీతల మీద గీతలు పడి, కాగితం చిరిగేంత లావెక్కాయి. పిండిమర సందు మాత్రం కాగితం తయారైన రోజున ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉంది.

ఒకరోజు సందు మొదట్లో ఒక జంట దారి తెలియక నిలబడిపోయింది. వాళ్ళు కదలకపోయేసరికి అతనికి విసుగొచ్చింది. వదినకు తెచ్చిన కూరగాయల సంచీతో వాళ్ళను దాటుకుని సందులోకి వెళ్ళాడు. మర దగ్గరకు వెళ్ళి తిరిగి చూస్తే, ఆ జంట వెనకే ఉంది. దారి తెలియనివాళ్ళు దారి తెలిసినట్టు నడిచేవాడి వెనక పోతారు. చేతిలో సంచీ ఉంటే మరీ నమ్ముతారు.

మర్నాటి నుంచి అతను ముందు నడవడం మొదలుపెట్టాడు.

మలుపు దగ్గర కాచుకుని ఉండేవాడు. తటపటాయించే వాళ్ళు కనబడగానే, ఇంటికి పోతున్న మనిషిలా సంచీ ఊపుకుంటూ వాళ్ళ ముందు నుంచి పోయేవాడు. వాళ్ళు వచ్చేవారు. మర చూసి ఆగిపోయేవారు. గాల్లో వేలాడే పిండినీ, అందులోంచి ఏటవాలుగా దిగే ఎండనూ, ఆ ఎండలో తెల్లటి ఆడమనిషినీ చూసి గొంతులు తగ్గించుకునేవారు. సాయంత్రం మేడ మీద అతను ఆ దారి చెప్పేవాడు. తన సంగతి చెప్పేవాడు కాదు. ఏ బోర్డూ లేకుండా తమంతట తామే కనిపెట్టుకుంటున్నారని పరిశోధకురాలు మురిసిపోయింది.

మొదట్లో వదిన ముఖం విప్పారింది. చిన్నచిన్న పొట్లాలు కట్టి గుమ్మంలో పెట్టింది. కొందరు కొన్నారు. ఎక్కువమంది ఫొటో తీసుకుని, చేయి ఊపి పోయారు. గోధుమల డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చే పాతవాళ్ళకు గుమ్మం దాకా దారి దొరకడం మానేసింది. రేషను షాపాయన భార్య, పిండి పడ్డ జుట్టుతో ఎవరి ఫోనులోకో ఎక్కానని గొడవపడి వెళ్ళిపోయి, ఆ నెల నుంచి ప్యాకెట్ పిండి కొనుక్కుంది. ఆమె వెనక ఇంకొందరు. ఇప్పుడు గుమ్మం నిండా జనం, తొట్టిలో గింజ లేదు. జనం నొచ్చుకుంటారని వదిన ఒక్కోసారి ఊరికే స్విచ్ వేసేది.

పటం మీద సందు ఎర్రబడింది. పురపాలక ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు వచ్చి, దాని ముందు చాలాసేపు నిలబడి, సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. సందుకు కొత్త రాళ్ళు పడ్డాయి, దీపస్తంభాలు వచ్చాయి. వాటి వెనకే, మరనూ గదినీ వదినకు అద్దెకిచ్చిన ఇల్లుగలాయన వచ్చాడు. పెద్దమనిషే. ఆమె వేసిన కుర్చీలో పిండి దులపకుండానే కూర్చుని, నెమ్మదిగా మాట్లాడాడు. ఇక్కడ కాఫీ హోటలు పెడుతున్నాడట.

“మరను ఎవరూ ముట్టుకోరమ్మా. రాళ్ళు, బెల్టు, తొట్టి, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. గోడల మీద పిండి కూడా తుడవనివ్వను.”

“మరి నేను?” అంది వదిన.

ఆయన దానికి సిద్ధపడి రాలేదు. ఆలోచించి చెబుతానన్నాడు. ఆ ఆలోచన ఎప్పటికీ పూర్తి కాలేదు. ఖాళీ చేయమన్న నోటీసు మాత్రం టైముకు వచ్చింది.

అతను మేడ మెట్లు ఎక్కి, పరిశోధకురాలి ముందు నిలబడి అంతా చెప్పేశాడు. ఆ గీతలు వాళ్ళవి కావనీ తనవనీ, వెనక నడవాల్సిన తాను ముందు నడిచాననీ చెప్పాడు. పటం మీద ఆ సందును చెరిపేయమన్నాడు. ఆమె కుర్చీలో కూలబడింది. రెండేళ్ళ చదువు ఆమెది. అయినా మంచి పిల్ల. దాచకుండా పురపాలక ఆఫీసుకు వెళ్ళి చెప్పింది. తిరిగొచ్చి అతని ముఖంలోకి చూడలేక పటానికేసి చూస్తూ మాట్లాడింది.

“వాళ్ళు కోప్పడలేదండీ. ఎవరు తీసుకొచ్చినా, వచ్చినవాళ్ళు ఆగారు కదా, అది చాలన్నారు. పైగా... అలా ముందు నడవడానికి ఒక మనిషిని పెట్టాలనుకుంటున్నారట. మీరే అయితే బాగుంటుందన్నారు.”

అతను మెట్లు దిగి వదిన దగ్గరకు వెళ్ళాడు. ఆమె జల్లెడలు కడిగి బోర్లిస్తోంది. తప్పు తనదేనని చెప్పబోతే, ఆమె తల ఎత్తకుండానే ఆపింది.

“నాకు తెలియదనుకున్నావా? ఇంట్లో ఉన్న ఇద్దరికీ రోజుకో సంచీ కూరగాయలెందుకు? మొదటి వారమే తెలిసింది. వద్దనలేదు నేను. వాళ్ళు కొంటారనే కదా నాకూ ఆశ.” బట్టతో చేతులు తుడుచుకుంది. “ఆ పనిలో చేరు. నువ్వు కాకపోతే ఇంకోడు నడుస్తాడు. వాడికైతే ఇక్కడ నేనుండేదాన్నని కూడా తెలీదు.”

అతను చేరాడు. నీలం చొక్కా ఇచ్చారు. ఇప్పుడు ఊళ్ళో అతని ముఖం అందరికీ గుర్తుంది. ‘తోక’ పోయి ‘గైడుగారు’ వచ్చింది. మర చుట్టూ తాడు కట్టి, రాళ్ళను నూనె గుడ్డతో తుడిచి పెట్టారు. గోడ మీది పిండి మొదటి వానకే బూజు పట్టింది. ఇల్లుగలాయన సున్నం వేయించి, పిండిలా కనిపించేలా పైన తెల్ల పొడి చల్లించాడు. తాడు బయట నిలబడి అతను వదిన గురించి చెబుతాడు. బెల్టు ఎలా తగిలించేది, గాట్లు ఎలా వేసేది, పొద్దుగూకే వేళకు ఎలా ఉండేది. ఆ మాటలు అతనికి ఎక్కణ్ణుంచి వస్తాయో గానీ, జనం కాఫీ కప్పులు కింద పెట్టి వింటారు.

ఒకసారి ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, మర నడిపినావిడ ఎలా చనిపోయారని అడిగింది.

“బతికే ఉందండీ. ఊరి చివర లాండ్రీలో, లాడ్జీ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది,” అన్నాడు.

అడిగినావిడ ముఖం వాడిపోయింది. ఎవరో ఇబ్బందిగా దగ్గారు. వాళ్ళు వెళ్ళాక హోటలు మేనేజరు అతన్ని పక్కకు పిలిచి, కథంతా బ్రహ్మాండంగా ఉందనీ, చివర్లో ఆ ఇస్త్రీ మాట ఒక్కటీ వదిలేస్తే బాగుంటుందనీ మర్యాదగానే చెప్పాడు. అతను రెండు మూడు రోజులు వినలేదు. తర్వాత వదిలేశాడు. ఇప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే తల వంచుకుంటాడు. వాళ్ళూ వంచుకుంటారు.

సెలవు రోజున లాండ్రీకి వెళ్తాడు. అక్కడ ఆవిరికి మనుషులు సగం సగం కనబడతారు. వదిన చేతుల మీద తెలుపు లేదు, ఎర్రటి కాలిన మచ్చలున్నాయి. లాడ్జీ దుప్పట్లు ఒక్కరు మడవలేనంత పెద్దవి. అతను వచ్చిన రోజున ఆమెకు పని తేలిక.

“నా గురించి ఏం చెబుతున్నావయ్యా వాళ్ళకి?” అని అడిగింది ఒకసారి, దుప్పటి ఒక చివర అతనికి అందిస్తూ.

“మంచిగానే చెబుతున్నా వదినా.”

“వింటారా?”

“వింటారు.”

ఆమె తల ఊపింది, కొంచెం సంతోషపడినట్టే. ఇద్దరూ అంచులు పట్టుకుని దుప్పటిని బిగలాగారు, మధ్యకు మడిచారు, రెండో మడత కోసం ఒకరికొకరు ఎదురు నడిచారు. చివరలు ఆమె చేతికి అందించేటప్పుడు అతను ఆమెను చూడకుండా దుప్పటినే చూశాడు.