ఊపిరికి వదిలిన జాగా

మా తమ్ముడికి ఐదేళ్ళప్పుడు నాన్న చేసిన కాగితపు కవచం ముప్ఫై ఏళ్ళుగా మా అటక మీద చాపలో చుట్టి ఉండేది. అట్ట మీద పాత వార్తాపత్రికలు పొరలు పొరలుగా అంటించి, పైన బంగారు రంగు కాగితం తాపడం చేశారు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపారు. అందుకే చెదలు కూడా దాన్ని ముట్టలేదు. దాన్ని ఎవరూ ఒక్కసారి కూడా తొడుక్కోలేదు.

ఆ ఏడు తమ్ముడికి ఊపిరి అందని జబ్బు చేసింది. అమ్మ మా బరంపురం ఠాకురాణి అమ్మవారికి మొక్కుకుంది. వీడు బతికితే నీ యాత్రలో కాపలా సిపాయి వేషం కట్టించి నీ ముందు నడిపిస్తాను తల్లీ అని. మా ఊళ్ళో ఇది వింత కాదు. రెండేళ్ళకోసారి యాత్ర వచ్చినప్పుడు మొక్కున్నవాళ్ళు పులిగానో రాజుగానో వేషం కట్టి వీధుల వెంట నడుస్తారు. తమ్ముడు బతికాడు. నాన్న కవచం చేశారు, అమ్మ దాన్ని అమ్మవారికి చూపించి వచ్చింది. యాత్ర ఇంకా రాకముందే నాన్న పోయారు. ఆ ఏడంతా మైల. మరుసటి యాత్రకి వాడికది పట్టలేదు. అప్పటికే నాన్న నడిపిన కొట్టు అమ్మ నెత్తిన పడింది. మొక్కు అలా అటక మీదే ఉండిపోయింది.

పోయిన చలికాలం ఆ జబ్బు మళ్ళీ వచ్చింది. మాది అట్టల కొట్టు, పెళ్ళి కార్డులు, స్వీటు డబ్బాలు. ఆ దుమ్మే వాడికి పడలేదని డాక్టరు అన్నారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. రాత్రంతా వాడి మంచం పక్కన నిలబడిన ఆ నర్సమ్మకి నేనిప్పటికీ దీపం దగ్గర దణ్ణం పెట్టుకుంటాను. వాడు ఇంటికొచ్చిన రోజు అమ్మ నిచ్చెన వేయించుకుని, తనే ఎక్కి, చాప దింపింది.

"ఇది ఆడికి పట్టేలాగ పెద్దది సెయ్యి" అంది నాతో.

"కొత్తది సేత్తానమ్మా. దీన్నెందుకు ఇప్పడం?"

"అమ్మోరికి సూపించి మొక్కింది దీన్నే. ముప్ఫై ఏళ్ళు ఊరుకుంది. ఇప్పుడు అడుగుతంది. ఇంకోటి ఇత్తే ఊరుకుంటాదేటి?"

నేను బడికి పోలేదు. నాన్న కొట్టు వెనక గదిలో అట్టముక్కల మీదే నాకు అక్షరాలు దిద్దించారు, త్రైరాశికం నేర్పారు, కత్తిరించడం, మడవడం, అతికించడం నేర్పారు. ఏ బడీ నాకు అంత ఇచ్చి ఉండేది కాదు. అందుకే ఆ కవచాన్ని విప్పే పని వేరే ఎవరికీ ఇవ్వలేకపోయాను. తడిగుడ్డ వేసి జిగురు నానబెట్టి, కీలు కీలుగా విడదీశాను. ఛాతీ పలక, వీపు పలక, భుజాలు, టోపీ. నేల మీద పరిచేసరికి ఎవరో చిన్నపిల్లాణ్ణి విప్పి ఆరబెట్టినట్టుంది. అమ్మ ఆ ముక్కల మీంచి దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది.

తమ్ముడికి ఇదంతా మొదట్లో సరదా. అప్పుడు వాడి ఎత్తెంత, ఇప్పుడు ఎంత, లెక్క కట్టి, ముక్కలన్నీ జిరాక్సు షాపుకి పట్టుకెళ్ళి ఒకే లెక్కన పెద్దవి చేయించి తెచ్చాడు. ఆ కాగితాలు అట్టకి అంటించి, కత్తిరించి, పిన్నులతో నిలబెట్టి చూశాం. టోపీ వాడి గడ్డం కిందికి దిగిపోయింది.

"అప్పా, ఇందులో ఇరవైమందికి పులిహోర కలపొచ్చు" అన్నాడు లోపల్నుంచి. మా వైపు అక్కని అప్ప అంటారు.

"నీ బుర్ర పట్టాలి కదరా, మరి అంత కావాలి."

నవ్వుకున్నాం. తరవాత ఛాతీ పలక, వీపు పలక పెట్టాం. అవి పక్కల కలవలేదు. రెండు వైపులా జానెడు చొక్కా కనిపిస్తూనే ఉంది. కిందేమో పలక పొత్తికడుపు దాటి వచ్చి, కూర్చుంటే గుచ్చుకుంటోంది. పసిపిల్లల ఒంట్లో తల పెద్దది, మొండెం పొడుగు, రొమ్ము సన్నం. పెరిగేటప్పుడు ఒళ్ళంతా ఒకే లెక్కన పెరగదు. త్రైరాశికం అట్టకి పనికొస్తుంది గానీ మనిషికి పనికిరాదని ఆవేళ అర్థమైంది.

అందుకని ముక్క ముక్కకీ వేరే లెక్క వేసుకున్నాను. టోపీకి కొద్దిగానే పెంపు. భుజాలకి ఇంకాస్త. ఛాతీ పలకని నిలువునా మధ్యకి కోసి, మధ్యలో పట్టీ వేసి వెడల్పు పెంచాను. కింది అంచు తగ్గించాను. నాన్న గీసిన నెలవంక నగిషీ మాత్రం చెదరనివ్వలేదు. పాత ముక్కలని కొత్తవాటి లోపలివైపు అతికించాను, అమ్మవారికి చూపించినవి అవే కాబట్టి. పిల్లాడి కవచం పెద్దవాడి కవచం కడుపులో ఉండిపోయింది.

కొలత ఊపిరి నిండా పీల్చినప్పుడు తియ్యాలి. "పీల్సు" అంటే పీల్చాడు, "వదులు" అంటే వదిలాడు. టేపు బిగిసింది, వదులైంది. రెంటికీ మధ్య రెండు వేళ్ళ తేడా. రాసుకున్నాను.

ఆ మరుసటి వారం ఒక పొద్దున వాడికి ఆయాసం వచ్చింది. మాట్లాడితే లోపల పిల్లనగ్రోవి మోగుతోంది. భుజకీర్తుల కోసమని టేపు నా మెడలోనే ఉంది. ఏమనిపించిందో, అది తీసి వాడి ఛాతీ చుట్టూ వేశాను.

"పీల్సు."

పీల్చాడు.

"వదులు."

వదిలాననే అనుకున్నాడు పాపం. టేపు వదులు కాలేదు. రొమ్ము కూజాలా ఉబ్బి అక్కడే నిలిచిపోయింది. పోయిన వారం రాసిన అంకె కంటే అది చాలా పెద్దది. గాలి లోపలికి వెళ్తోంది, బయటికి రావడం లేదు. మందు పంపు కొట్టాక, చాలాసేపటికి, టేపు నా వేళ్ళ మధ్య నెమ్మదిగా జారింది. తల్లీ, చూపించావు, నీ దయ అనుకున్నాను.

ఆ సాయంత్రం పక్కలు అతికించడం మానేశాను. రెండు వైపులా నాలుగేసి వేళ్ళ జాగా వదిలి, బట్ట నాడాలు కుట్టాను. ఆయాసం వస్తే లాగితే చాలు, ఊడిపోతుంది. పైనుంచి బంగారు కాగితం అంచు కప్పేస్తుంది, ఎవరికీ కనిపించదు.

వేషం కట్టే రోజు వచ్చింది. తమ్ముడి భార్య, మా మరదలు, పురిటికి ఛత్రపూర్‌లో పుట్టింటికి వెళ్ళి ఉంది. ఆమెకి ఈ సంగతి వివరంగా చెప్పలేదు. వాడు పొద్దున్నించీ ఉపవాసం. చైత్రం ఎండ. గోపాల్‌పూర్ వైపు నుంచి రావలసిన సముద్రపు గాలి ఆ రోజు లేదు. మా వీధిలో గుమ్మాలకి కట్టిన వేపమండలు కదలకుండా వేలాడుతున్నాయి.

కవచం తొడిగి నాడాలు కడుతుంటే అమ్మ చెయ్యి పెట్టి ఆపింది.

"ఏటే ఇది? పక్కన కన్నాలు వదిలేసినావేటి?"

"ఊపిరాడాలి కదమ్మా."

"కవచం అంటే మూసి ఉండాల. మొక్కుకున్న సేత్తోనే మూయాల. తిరిగొచ్చిందాకా ఇప్పకూడదు. సగం మూసిన మొక్కు అమ్మోరికి ఇత్తామా?"

"ఆడికి ఆయాసం వత్తేనో?"

"రాకూడదనే కదే ఇదంతా" అంది. అరవలేదు. చాలా మెల్లగా అంది. ఆమె కళ్ళు చూశాక నాడాల మీంచి చేతులు తీశాను. మా అందరిలోకీ ఎక్కువ భయపడుతున్నది ఆమే.

తమ్ముడు నా వైపు చూసి "కానియ్యి అప్పా. ఒక్క పూటే కదా" అన్నాడు.

అమ్మ మైదా జిగురు ఉడకబెట్టి తెచ్చింది. నా నాడాలు లోపలికి తోసి, అట్టలు దగ్గరికి లాగి, పైన పట్టీ మీద పట్టీ అంటించింది. ప్రతి పట్టీకీ ఏదో గొణుక్కుంది. ఆ జాగా అంతా మూసుకుపోయింది. ఎండకి జిగురు గబగబా ఆరింది. నేను మందు పంపు నా చెంగులో ముడి వేసుకున్నాను.

వీధిలోకి వచ్చాం. డప్పులు. పులివేషాలు ముందు. గడప మీద నిలబడిన ఒక ముసలమ్మ "ఏటి కళ, నిజం సిపాయే" అని వాడికి పసుపునీళ్ళు చల్లింది. అమ్మ ముఖం ముప్ఫై ఏళ్ళలో నేను చూడనంత తేటగా ఉంది. నేను వాడి పక్కనే నడిచాను, ఒక చెవి వాడి మీదే పెట్టి. కాగితం కవచంలో మనిషి ఊపిరి బయటికి వినిపిస్తుంది. లోపల బోలు కాబట్టి, కుండలో మాట్లాడినట్టు. మొదట అడుగుల చప్పుడుతో సమంగా ఉంది. మొదటి మలుపు దాటాక అడుగుల్ని మించిపోయింది. తరవాత ఆ సన్నటి ఈల.

"ఆగుదామా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. గుడి ఇంకొక్క వీధి.

మందు కొట్టాను. పీల్చే చోటు లేదు. రొమ్ము ఉబ్బడానికి చూస్తోంది, అట్ట ఒప్పుకోవడం లేదు. మడతల దగ్గర కవచం కిర్రుమంది. జిగురు మాత్రం ఊడలేదు. నాన్న నేర్పిన పాళ్ళలోనే అమ్మ కలిపింది మరి. తమ్ముడి పెదవులు బూడిద రంగుకి తిరిగాయి. డప్పులవాళ్ళు వాడికి పూనకం వచ్చిందనుకుని ఇంకా జోరుగా కొట్టారు. అమ్మ చేతులు జోడించింది.

పక్కన పూలమ్మే ఆమె బుట్టలో దండలు కోసే కత్తెర ఉంది. అడగకుండా తీసుకున్నాను. వాడు చూశాడు. వద్దని తల ఊపాడు, ఒకసారి కాదు. నేను చంక కింద కత్తెర దూర్చి నడుము దాకా కోసేశాను. తరవాత రెండో వైపు. ముందు పలక ముందుకి పడింది. వాడు మోకాళ్ళ మీదికి జారాడు. వాడి రొమ్ము ఒక్కసారి పైకి లేచి నిలిచింది. డప్పులు ఆగాయి. అప్పుడు మందు లోపలికి వెళ్ళింది. నేను వీధి మధ్యలో వాడి వీపు నిమురుతూ కూర్చున్నాను. ఎంతసేపటికో వాడు గాలి వదిలాడు. ఆ చప్పుడుకి నేనెన్ని జన్మలు రుణపడినా సరిపోదు.

తలెత్తి చూస్తే అమ్మ కవచం ముక్కలు ఏరుకుంటోంది. టోపీ, ముందు పలక, వీపు పలక, అన్నీ రొమ్ముకి హత్తుకుంది. మా వైపు చూడకుండా మిగిలిన వీధి ఒక్కతే నడిచి గుడికి వెళ్ళింది. అక్కడ ఏం చెప్పుకుందో, ఆ ముక్కలు ఏమయ్యాయో మాకు తెలియదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చి, వాడికి గంజి కాచి ఇచ్చింది. నాతో మాట్లాడింది కూడా, ఉప్పు ఎక్కడ పెట్టావని.

"అప్పా, కొయ్యకపోయినా నడిసేసేవాణ్ణేమో" అన్నాడు తమ్ముడు మర్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలియక.

"నడిసేసేవాడివేమో" అన్నాను.

వానాకాలం మొదట్లో మరదలికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆ కబురు విన్న పూట నేను దేవుడి గదిలోంచి చాలాసేపు బయటికి రాలేదు. ముగ్గురం ఛత్రపూర్ వెళ్ళాం. తమ్ముడు మెట్లు ఎక్కేటప్పుడు ఒకసారి ఆగాడు. తేమకి అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పారు. అమ్మ వాడి వైపు చూసి, నా చేతుల వైపు చూసింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు దగ్గినా ఆమె చూపు ముందు నా చేతుల మీదికే వస్తుంది.

మరదలు పిల్లని అమ్మ ఒడిలో పెట్టింది. ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని వాళ్ళమ్మగారు ఏదో చెబుతున్నారు. అమ్మ వినడం లేదు. పిల్ల మీది గుడ్డ తొలగించి, వంగి, ఆ చిన్న రొమ్ము మీద చెవి ఆనించింది. మరదలు నవ్వుతూ నా వైపు చూసింది, ఏమిటన్నట్టు.

బయట వాన పడుతోంది. అమ్మ చెవి తియ్యలేదు. నేనూ ఇంకాస్త దగ్గరికి జరిగాను.