లుత్వామా తాత నడుము నొప్పి

లుత్వామా తాతకు నడుము నొప్పి ఉండేది. ఆ నొప్పికి ఎండతో, వానతో, బరువులతో ఏ సంబంధమూ లేదు. దానికి తెలిసిందల్లా పాట. పాట మంచి పాకాన పడి, వింటున్నవాళ్ళ భుజాలు వాటంతటవే కదలడం మొదలెట్టి, ముసలమ్మలు చాపల మీంచి లేచి ఆడటానికి సిద్ధమవుతున్నారనగా, సరిగ్గా అప్పుడు, "అమ్మోయ్, నా నడుమో!" అని తాత కేక పెట్టేవాడు.

కిబిబి ఊరి చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళిమాటలు జరిగినా, ఎవరికి కవలలు పుట్టినా తాత ఒంటితీగ ఫిడేలు మోగవలసిందే. కొయ్య డొప్పకు ఉడుము తోలు బిగించి, ఒక్కటంటే ఒక్క తీగ లాగిన ఆ వాయిద్యం మీద ఆయన ఊరందరినీ పలికించేవాడు. సణిగే అత్తగారు, తప్పతాగి వచ్చి తలుపు తట్టే మొగుడు, తీయనని లోపలినుంచి తిట్టే పెళ్ళాం, అందరూ ఆ తీగలోంచే మాట్లాడేవాళ్ళు. జనం పొట్టలు పట్టుకు నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్యే కేక వినబడేది.

తర్వాత జరిగేది కూడా అందరికీ కంఠతా వచ్చు. తాత ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, రెండో చేత్తో ఫిడేలు పక్కనున్న శిష్యుడి ఒళ్ళో పడేసి, "నాయనా, నా పరువు నీ చేతిలో ఉంది" అని, కుంటుకుంటూ వంటపాక వైపు పోయేవాడు. నొప్పి నడుములో అయితే కుంటడం ఎందుకని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. శిష్యుడికి ముచ్చెమటలు పోసేవి. జనమంతా వాడినే చూస్తుంటే వాయించక ఏం చేస్తాడు!

వంటపాకలో తాత భార్య నలూలె ఉండేది. తాత ఎక్కడికి వెళితే అక్కడికి వచ్చి, వంటలో ఒక చెయ్యి వేయడం ఆవిడ అలవాటు. తాత అలా పాకలోకి వెళ్ళాడో లేదో, ఆకుపొట్లాల్లో ఉడికిన కోడికూర మాయమయ్యేది. ఖాళీ అరిటాకులు ఒకటొకటిగా బయట పడేవి.

"నొప్పి నడుముకి కదా, నోటికి కాదుగా!" అనేవాళ్ళు జనం.

ఒకసారి శిష్యులంతా కలిసి ఆయన్ని బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు.

"ఎక్కడ నొప్పి?" అన్నాడు డాక్టరు.

"అది పాటని బట్టి ఉంటుందండీ."

"ఎప్పుడొస్తుంది?"

"రెండో చరణం అయ్యాక."

డాక్టరు వంగమన్నాడు. తాత వంగి అరచేతులు నేలకు ఆనించాడు. లేవమన్నాడు. వెదురు బద్దలా లేచాడు. ఈ వింత చూస్తూ డాక్టరు చేతిలో పెన్ను జారవిడిచాడు. దాన్ని తీయబోయి వంగినవాడు మళ్ళీ లేవలేదు. చివరికి తాతే ఆయన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వెన్ను రుద్ది, సరిచేసి వచ్చాడు.

అందరికన్నా పెద్ద శిష్యుడు కవీసా సైకిళ్ళు బాగుచేస్తాడు. వాడికి ఫిడేలు ఎంత బాగా వచ్చో, గొప్పలు అంతకన్నా బాగా వచ్చు. "ఆ రోజు గొంబే పెళ్ళిలో నేనే గనక లేకపోతే తాత పరువు మట్టిలో కలిసేది!" అని పంక్చరు వేయించుకునే ప్రతివాడికీ చెప్పేవాడు. రెండో శిష్యుడు బ్బోసా కూడా అదే మాట అనేవాడు, ఊరి పేరు మార్చి. అసలు తాత శిష్యుల్లో తాతని కాపాడనివాడు ఎవడూ లేడు.

ఒక్క నమ్యాలో అనే ఆవిడ తప్ప.

నమ్యాలో బజారు వీధిలో వసారాలో కుట్టుమిషను పెట్టుకుని బతికేది. ముప్పై దాటిన మనిషి. ఒకనాడు తాత తన తెల్లటి పొడుగు అంగీ చిరుగు కుట్టించుకుందామని వస్తే, ఆమె మిషను తొక్కుతూ ఆయన పాటే కూనిరాగం తీస్తోంది. కవీసా ఎప్పుడూ తప్పే మెలిక ఉంది చూడండి, ఆ మెలికతో సహా.

"ఏమ్మా, ఈ పాట ఎవరు నేర్పారు?"

"మీరే తాతా. మీ ఇల్లు ఎదురుగానే కదా. మీరు వాళ్ళని తిడుతూ నేర్పుతుంటే నా కాళ్ళకి వచ్చేసింది."

"రేపట్నుంచి వచ్చి చేతులకి కూడా నేర్పు."

ఊరు ముక్కున వేలేసుకుంది. ఆ వైపు ఆడవాళ్ళు ఆడతారు, పాడతారు, గింజలు పోసిన గిలక ఊపుతారు, కానీ ఫిడేలు పట్టరు. తాత ఎవరి మాటా వినలేదు. నమ్యాలో నేర్చుకుంది. కానీ పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు మాత్రం ఆమెది గిలకే. కవీసా పక్కనుంటే తాత నడుము పట్టేసేది. బ్బోసా పక్కనుంటే పట్టేసేది. నిన్నగాక మొన్న చేరినవాడు పక్కనున్నా పట్టేసేది. నమ్యాలో ఒక్కతే పక్కనున్న రోజున మాత్రం తాత పాట మొదటినుంచి చివరిదాకా వాయించి, లేచి, ఒళ్ళు విరుచుకుని, దులుపుకునేవాడు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. "తాతా, మీ నడుముక్కూడా నేనంటే నమ్మకం లేదా?"

"నన్నడుగుతావేమిటే? అది నా మాట వింటుందా?" అన్నాడు తాత, ఫిడేలు విల్లుకు చెట్టుబంక రాసుకుంటూ.

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. మానేద్దామనుకుంది. మానేస్తే మిషను తొక్కుతున్నప్పుడు కాళ్ళు ఊరుకోవు. అందుకని మానలేదు. ఆయన పాటలన్నీ వచ్చేశాయి. ఆయన మరిచిపోయినవి కూడా వచ్చేశాయి.

అలా ఉండగా మయాంజా గారింట్లో పెళ్ళిమాటలు వచ్చాయి. మయాంజా పెళ్ళికూతురికి పెదనాన్న, ఆ వంశానికి పెద్ద. ఆయన దగ్గితే ఇంట్లోవాళ్ళు లేచి నిలబడతారు. తాతతో ఆ రోజు నమ్యాలో, ఒక డప్పువాడు వచ్చారు. నమ్యాలోని చూడగానే మయాంజా, "ఈవిడ గిలక దాటి చెయ్యి చాపదు గదా? ఫిడేలు ఆడదాని ఒళ్ళో కూర్చోవడం మా ఇంట ఎరగం" అన్నాడు.

"అయ్యో, నా ఒళ్ళుండగా దానికి ఇంకో ఒళ్ళెందుకండీ!" అన్నాడు తాత.

పెళ్ళికొడుకు తరఫువాళ్ళు బుట్టలతో, అరటిగెలలతో వచ్చి పందిట్లో కూర్చున్నారు. ఫిడేలు పిలిస్తేనే పిల్ల బయటికి వస్తుంది. తాత పిలవడం మొదలెట్టాడు. ఒక చరణం అయింది. రెండోది అయింది. లోపల పిల్ల గడప దాకా వచ్చింది.

"అమ్మోయ్, నా నడుమో!"

పందిట్లో తలలన్నీ తాత పక్కకి తిరిగాయి.

"శిష్యుడెవడయ్యా? రమ్మను!" అన్నాడు మయాంజా.

"అందర్నీ ఇంకో పెళ్ళికి పంపేశానండీ, నా నడుము మీద నమ్మకం కొద్దీ."

"ఈ డప్పువాడో?"

"కర్రలు తప్ప తీగ ముట్టి ఎరగడు."

"మరెలా?"

"ఈ గిలక పట్టిన పిల్ల ఉంది. కానీ మీ ఇంట పనికిరాదాయె. పాట ఆపేద్దాం. వచ్చినవాళ్ళకి భోజనాలు పెట్టి పంపించండి."

పెళ్ళికొడుకు తరఫున మాట్లాడే ఆయన లేచాడు. "భోజనం మా ఇంట్లోనూ ఉందండీ. లేనిది పిల్లే!"

ఇంతలో పిల్ల మేనత్త తలుపు చాటునుంచి తల బయట పెట్టింది. "పిల్ల అడుగుతోంది. బయటికి రావాలా, కొత్తబట్టలు మార్చేసి పడుకోవాలా?"

మయాంజా ఏదో అనడానికి నోరు తెరిచాడు. "అమ్మోయ్!" అన్నాడు తాత. మళ్ళీ తెరిచాడు. "అమ్మోయ్!" ఇంకా గట్టిగా.

"సరే, ఏడవండి! వాయించమను!" అన్నాడు మయాంజా.

నమ్యాలో ఫిడేలు అందుకుంది. మొదటి గీటుకు అది మెడ పట్టుకున్న కోడిలా అరిచింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కళ్ళు మూసుకుంది. కుడికాలు నేల మీద మిషను తొక్కడం మొదలెట్టింది. అంతే, తీగ దారిలో పడింది. పిల్ల బయటికి వచ్చింది. వెనకాలే మేనత్తలు వచ్చారు. ఆ వెనకాల మంచం దిగి చాలాకాలమైన పిల్ల నాయనమ్మ వచ్చి, చేతికర్ర ఎవరికో ఇచ్చేసి ఆడింది. మయాంజా అంగీ కింద కాలి బొటనవేలు కదులుతోంది. ఆయన దానికేసి అది ఇంకెవరిదో అన్నట్టు చూశాడు.

పాట అయ్యాక నమ్యాలో తాతను వెతుక్కుంటూ వంటపాక వెనక్కి వెళ్ళింది. నలూలె గోడకు జారగిలబడి కోడికూర తింటోంది. తాత అరటిచెట్ల మధ్య నిట్టనిలువుగా నిలబడి ఉన్నాడు. చేతిలో విప్పని పొట్లం. పాట అయిపోయినా పెదాలు ఇంకా తాళం వేస్తూనే ఉన్నాయి.

"చూశావా, ఇదీ వరస!" అంది నలూలె. "మీలో ఎవరు వాయిస్తున్నా ఈయనకి మెతుకు దిగదు. ఇన్నేళ్ళూ ఆ పొట్లాలన్నీ తిన్నది నేను. ఊరంతా ఈయన నడుము గురించే చెప్పుకుంటారు గానీ, నా నడుము ఎంతైందో చూసినవాడు లేడు!"

నమ్యాలోకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "అయితే నొప్పి ఉత్తిదేనా? మరి ఇన్నాళ్ళూ నేను పక్కనుంటే ఎందుకు రాలేదు తాతా?"

తాత పొట్లం విప్పాడు. "మగపిల్లలు తప్పు వాయిస్తే, కుర్రాడు, నేర్చుకుంటాడులే అంటారు. సగం పాట వస్తే చాలు, వాళ్ళకి నా నడుము పట్టేస్తుంది. నువ్వు ఒక్క తప్పు వాయిస్తే, ఆడదానికి ఫిడేలు రాదంటారు. నిన్నొక్కదాన్నే కాదే, నీ తర్వాత వచ్చేవాళ్ళని కూడా అంటారు. అందుకని నీ పాటలన్నీ అయ్యేదాకా నా నడుముని పట్టి ఉంచాను. ఎంత కష్టమైందనుకున్నావు!"

పొట్లంలోంచి ఒక ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ సంగతి బయట పెట్టకు. కవీసా నన్ను కాపాడానని చెప్పుకు తిరుగుతున్నాడు. తిరగనీ. ఆ పొగరుతోనే వాడి చెయ్యి కుదిరింది."

నమ్యాలో ఎవరికీ చెప్పలేదు.

తాత పోయిన ఏడాదికి వారసుణ్ణి నిలబెట్టే కార్యం చేశారు. పెరడంతా ఫిడేళ్ళే. శిష్యులు, శిష్యుల శిష్యులు, నమ్యాలో దగ్గర నేర్చుకుంటున్న నలుగురు ఆడపిల్లలు వచ్చారు. మయాంజా కూడా వచ్చి, భోజనాల దగ్గర నలూలె పక్కన కూర్చుని నిట్టూర్చాడు.

"చివరికి ఆ నడుమే తీసుకుపోయిందన్నమాట పెద్దాయన్ని."

"నడుమేమిటయ్యా?" అంది నలూలె. "జ్వరంతో పోయాడు. నడుముకేం, పోయే రోజు దాకా ఇనపగుంజలా ఉండేది."

వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. శిష్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కవీసా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మరి... ఆ రోజు గొంబేలో నేను కాపాడింది ఎవర్ని?"

"నిన్నే నాయనా."

"మరి నేనో?" అన్నాడు బ్బోసా.

"నువ్వూ నిన్నే. ఇంక తినండి, చల్లారిపోతోంది."

ముందు బ్బోసా నవ్వాడు. ఆ తర్వాత పెరడు పెరడంతా. కవీసా మాత్రం కళ్ళు చిట్లించి, నవ్వకుండా కూర్చున్న నమ్యాలో వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసు కదూ?"

నమ్యాలో పెద్ద అరటికాయ ముద్ద ఒకటి నోట్లో పెట్టుకుంది. నోటినిండా తిండి ఉన్నప్పుడు మాట్లాడకూడదని ఆమెకు చిన్నప్పుడే నేర్పారు.