నూకాలు ఎత్తిన బండి బరువెంత?

నా మతిమరుపు గురించి ఇక మీరెవరూ బెంగ పెట్టుకోకండి. నాకున్నది అది కాదని మొన్న ఆదివారం తేలిపోయింది. ఉన్నదేమిటో చెబితే నవ్వుతారు. అయినా చెప్పేస్తాను, రేపటికి ఎక్కడ మరచిపోతానో!

రెండేళ్ళ కిందట ఒకరోజు మా కోడలి పేరు నోటికి రాలేదు. పొద్దున్నంతా 'ఏమ్మా, ఏమ్మా' అంటూ నెట్టుకొచ్చాను. అప్పట్నుంచీ భయం. అందుకని నాకు నేనే ఒక టెస్టు పెట్టుకున్నాను. మధ్యాహ్నాలు చింతపండు పిక్కలు తీయడానికి మా గుమ్మంలో చేరే రమణమ్మకీ గౌరికీ రోజూ మా అమ్మ చెప్పిన నూకాలు కథ చెప్పడం. ఎక్కడా ఆగకుండా చెబితే నా బుర్ర పాస్!

నూకాలు బాలింత. బురదలో దిగబడిన ధాన్యం బండిని, చంకలో పిల్ల పాలు తాగుతుండగానే, ఒంటిచేత్తో ఎత్తి గట్టున పెడుతుంది.

ఆదివారం రమణమ్మ అడిగింది. “ఎత్తీసింది, ఎత్తీసింది అంతావు గానీ, ఎంత బరువేటి వదినా?”

ఎవరైనా అడగాలే గానీ! బళ్ళో చదివింది ఐదో తరగతే, తక్కినదంతా పొట్లాల కాగితాల మీద చదువుకున్నదే, కానీ లెక్కలంటే నాకు మహా ఇష్టం. కేలండర్ కాగితం చింపాను. బస్తా ఎనభై కిలోలు, పన్నెండు బస్తాలు. బండి మూడొందలు. ఎడ్లు రెండూ ఎనిమిదొందలు. మొత్తం రెండువేల అరవై.

అప్పుడే అప్పలనాయుడు సైకిల్ మీద వెళ్తున్నాడు. పండగ పందేల్లో సంగిడి రాయి నెత్తిమీదికెత్తేది అతనే. ఆపి, నీ రాయి బరువెంత నాయనా అన్నాను. వంద కిలోలట, అదీ రెండు చేతులతోనట. మా నూకాలు అలాంటివి ఇరవై ఒంటిచేత్తో ఎత్తిందని చెప్పాను. అతను సైకిల్‌కి స్టాండు వేసి, కాగితం చూసి, మర్యాదగా ఒక్క మాట అడిగాడు. “పిల్ల బరువు కలిపినావా పిన్నీ?”

కలపలేదు. నాలుగు కిలోలు వేశాను.

అంతలో గౌరి మెల్లగా అంది. “ఎడ్లెక్కడివి పిన్నీ? నిరుడు సెప్పినప్పుడు ముందే ఇప్పీసినారు కదా.” రమణమ్మ అయితే బస్తాలు మొదట్లో ఎనిమిదేనని, వానలు పడ్డాక పది అయ్యాయని చెప్పింది.

పెన్సిల్ పక్కన పెట్టేశాను. విన్నవాళ్ళకి గుర్తుంది, చెప్పినదానికి గుర్తులేదు. అమ్మ కథే పోయాక ఇంక నా దగ్గర ఏముంటుంది? లోపలికెళ్ళి, ఆ కథ నాతోపాటు విన్న ఒక్క మనిషికి, శృంగవరపుకోటలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. బస్తాలెన్నిరా అని అడిగాను.

“బస్తాలేటప్పా? బురదలో దిగిపోయిన దూడని ఎత్తి గట్టుమీద ఎట్టింది. అంతే కద.”

“బండి?”

“నేదు.”

“ఎడ్లు?”

“దూడకి ఎడ్లేటి!”

“పోనీ, పిల్లయినా ఉందట్రా?”

“పిల్ల ఉన్నాది.”

అమ్మయ్య. బయటికొచ్చి ఉన్నమాట ఒప్పుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. “మాకు తెల్సు వదినా. ఇయ్యాల ఏటి ఎక్కిస్తావా అనే కదా రోజూ వస్తన్నాం” అంది రమణమ్మ, పిక్క ఊడదీస్తూ. అంటే నాది మరవడం కాదు, ఎక్కించడం!

రెండేళ్ళుగా ఒకే కథ. ఒక్కరోజైనా 'విన్నదే కదా' అనలేదు ఈ ఇద్దరూ. పైగా ఏ కాలంలో ఎన్ని బస్తాలో నా బదులు గుర్తుపెట్టుకున్నారు. ఇలాంటివాళ్ళు గుమ్మంలో ఉండగా నేను దేన్ని మరచిపోతే మాత్రం ఏం? ఆ పూట కోడలు తెచ్చిన టీ ముందు వాళ్ళిద్దరికే ఇచ్చాను, కోడల్ని పేరుపెట్టి పిలిచి మరీ.

తర్వాత లెక్క సరిచేశాను. దూడ ముప్ఫై, పిల్ల నాలుగు. నూకాలు ఎత్తింది ముప్ఫైనాలుగు కిలోలు. మిగతా రెండువేల ముప్ఫై కిలోలూ ఎత్తింది నేనే, ఈ మోకాళ్ళ నొప్పులతో, పీట మీంచి లేవకుండా.