పురుగు లేని పన్ను

గోదావరిఖనిలో నేను పళ్ల క్లినిక్ పెట్టి రెండేళ్లు కావస్తున్న రోజులవి. బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చి బెంచీల మీద కూర్చునేవారు. ఆమె కూడా అట్లాగే వచ్చింది, కుడి చెంపకు కొంగు అదిమిపట్టుకొని.

యాభై దాటిన మనిషి. గనిలో పనిచేసే భర్త జబ్బు చేసి చనిపోతే, అతని బదులు ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. గని పైన ల్యాంప్ రూంలో పని. గనిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వాలి. షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకొని, ఎవరి నంబరు కింద వాళ్లది తగిలించాలి.

"ఈ పన్ను పీకెయ్యి బిడ్డా. రెండు నెలల సంది పానం తోడేస్తున్నది" అంది, కింది దవడ పన్ను మీద వేలు పెట్టి.

ఎక్స్‌రే తీశాను. పెద్దగా ఏమీ కనపడలేదు. పన్ను మీద తట్టితే మాత్రం "అబ్బా" అంది. బయట ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. ఆమె పీకమనే పట్టుబట్టింది. మందులు వాడి చూద్దామని ఒక్క మాట అని ఊరుకున్నాను. మత్తు ఇచ్చి పీకేశాను.

పన్ను చేతిలోకి రాగానే నాకు తెలిసిపోయింది. వేర్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా పుచ్చు లేదు, చీము లేదు. నోట్లో దూది కరిచిపెట్టుకొనే ఆమె అడిగింది.

"పురుగున్నదా బిడ్డా?"

"ఉన్నదమ్మా" అన్నాను. పన్నును గాజుగుడ్డలో చుట్టి, ఆమె చూడకముందే బకెట్‌లో వేశాను.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి కోడలు వెంట ఉంది.

"నొప్పి గట్లనే ఉన్నది. పక్క పన్నుకు గూడ పట్టినట్టున్నది, పురుగు. అది గూడ తీసెయ్యి."

నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి, ఇంకో పన్ను అప్పగించడానికి వచ్చింది. అప్పుడు కోడలు కల్పించుకుంది.

"డాక్టరమ్మా, మా అత్త నిద్రల పండ్లు పటపట కొరుకుతది. పక్క అర్రల పండుకున్న మాకు గూడ ఇనపడుతది. పొద్దున లేస్తే నోరు తెరవరాదు."

మొదటి రోజు అడగాల్సిన ప్రశ్నకు జవాబు అది. నేను అడగనే లేదు.

నోరు తెరవమన్నాను. రెండు వేళ్ల సందు మించి తెరుచుకోలేదు. పళ్ల మొనలన్నీ అరిగి పలకల్లా ఉన్నాయి. దవడ మూల మీద వేళ్లు పెట్టి పళ్లు బిగించమంటే, కండ రాయిలా పైకి లేచింది. దాన్ని నొక్కాను.

"గదే బిడ్డా, గదే! పన్ను దాక గుంజుతది."

పంటిలో ఏ రోగమూ లేదు. బిగించి బిగించి అలసిన కండ అది. పగలు కూడా బిగిస్తావా అని అడిగాను.

"షిఫ్టు దిగినంక లైట్లన్నీ వాపసు రావాలె గద. ఒక్కటి రాకున్నా మనిషి ఇంక లోపట్నే ఉన్నట్టు. మా పెద్దోడు గూడ గదే గనిల దిగుతడు. గప్పుడు నోరు ఎట్లుంటదో నాకేం యాదికుంటది?"

నెల రోజులు గట్టివి నమలొద్దు, జొన్న గట్క, మెత్తటి అన్నం తినమన్నాను. వేడి నీళ్ల గుడ్డతో కాపడం పెట్టి కండను ఎట్లా రుద్దుకోవాలో కోడలికి చూపించాను. లైట్లు తగిలించే చోట ఒక బొట్టుబిళ్ల అంటించుకొని, అది కంటపడినప్పుడల్లా పెదాలు మూసి పళ్లు విడదీయమన్నాను. రాత్రి పెట్టుకోవడానికి పళ్ల తొడుగు ఒకటి చేయించి ఇచ్చాను. నెలన్నర తిరిగేసరికి నోరు మూడు వేళ్లంత తెరుచుకుంది. ఆమె సంతోషపడుతుంటే నేను తల ఎత్తలేకపోయాను.

ఆ రోజే చెప్పాను. "అమ్మా, నీ పంట్ల పురుగు లేకుండె. మంచి పన్ను పీకిన. నీకు అబద్ధం చెప్పిన."

ఆమె నాలుక లోపల ఆ ఖాళీని తడమడం చెంప మీద కనిపించింది.

"గా దినమే ఎందుకు చెప్పకపోతివి?"

"భయమైంది."

"పురుగు పట్టిన పన్ను ఇన్ని దినాలు నోట్ల పెట్టుకున్ననని నాకు మస్తు సిగ్గయింది, ఎరుకేనా? దినాం రెండుసార్లు తోముకుంటి. నలుగురిల నోటికి కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడితి."

కొత్త పన్ను నేనే కట్టిస్తానన్నాను. "వద్దు బిడ్డా. ఇంక నా నోట్ల చెయ్యి పెట్టకు" అని తొడుగు డబ్బా సంచిలో వేసుకొని లేచింది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తర్వాత కోడలు తన పంటి కోసం ఒకసారి వచ్చింది. "అత్తకు నొప్పి మస్తు తగ్గింది. లైట్లు లేటయిన దినం మాత్రం గుంజుతదట" అంది. ఒకసారి తీసుకురమ్మన్నాను. "చెప్పి చూసిన, రానంటది."

వాళ్ల క్వార్టర్ మా క్లినిక్‌కు రెండు గల్లీల అవతలే. ఆ దారిన బండి మీద చాలాసార్లు పోయాను. గుమ్మం ముందు ఒక్కసారి కూడా ఆపలేదు.