టూనిస్ పడిన నీళ్లు

పొద్దున్నే పేపరు రాగానే కోబా చివరి పేజీ తిప్పుతుంది. చావు కబుర్లూ, మునిసిపాలిటీ తగాదాలూ తర్వాత. ముందు ఆ పేజీ మూలన చిన్న అక్షరాల్లో ఉండే ప్రపంచ నగరాల వాతావరణం చూస్తుంది. వేలు పైనుంచి కిందికి జారి సింగపూర్ దగ్గర ఆగుతుంది. "ముప్పై ఒకటి. ఉరుములు," అని పైకే చదువుతుంది, వంటింట్లో వినేవాళ్లెవరూ లేకపోయినా. ఆ తర్వాతే కాఫీ.

మెర్వెడ నది ఒడ్డునున్న స్లీడ్రెక్ట్ ఊళ్లో ఇదేమీ వింత కాదు. ఒకప్పుడు కరకట్ట పొడవునా ప్రతి వంటింట్లోనూ ఇలాగే ఒక ఆడమనిషి వేలు జారుతూ ఉండేది. ఊళ్లో మగవాళ్లందరిదీ డ్రెడ్జర్ ఓడల మీద పని. ఎక్కడెక్కడి సముద్రాల్లోనో అడుగున ఉన్న ఇసుక తోడి, ఎవరెవరి రేవులనో లోతు చేసి, సముద్రాన్నే పూడ్చి ఎవరెవరికో కొత్త నేల పోసి వచ్చేవాళ్లు. వేలు ఎక్కడ ఆగితే ఆ ఇంటాయన అక్కడున్నట్టు. విచిత్రమేమిటంటే ఊరి వేళ్లన్నీ దాదాపు ఒక్కసారే కదిలేవి. కోబా పెళ్లైన కొత్తలో అవన్నీ జెడ్డా మీద ఉండేవి. తర్వాత హాంకాంగ్‌కి జరిగాయి. హాంకాంగ్ పనులు అయిపోవచ్చేసరికి సింగపూర్‌కి, ఆ పైన దుబాయ్‌కి, లాగోస్‌కి. ఏ దేశంలో పని పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో కంపెనీ పెద్దలు లెక్కలు కట్టి చెప్పేదాకా ఆగక్కర్లేదు. రొట్టెల కొట్టు ముందు ఆడవాళ్లు ఏ ఊరి వాన గురించి మాట్లాడుకుంటున్నారో వింటే చాలు.

కోబా భర్త టూనిస్ తేలే గొట్టాల పనివాడు. ఓడ తోడిన ఇసుకా నీళ్లూ కలిసి ఒడ్డుకి పోవాలంటే నీటి మీద తేలే గొట్టాలు బారుగా ఉండాలి. వాటి మీద పిల్లిలా నడుస్తూ బోల్టులు బిగించడం అతని పని. మనిషి భారీ, మాట తేలిక. పుట్టినరోజు పార్టీల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని, ఒళ్లో కేకు ముక్క పెట్టుకుని కూచున్నప్పుడు, కుర్రకారుకి ఒకటే సలహా చెప్పేవాడు.

"సముద్రం ఉన్నంతకాలం మనకి రొట్టె ఉంటుందిరా. మరీ తొందరపడి పూడ్చెయ్యకండి."

అతను సెలవుకి వచ్చినప్పుడల్లా కోబా అతని పంట్లాలు పెరట్లోకి తీసుకెళ్లి, మడతలు విప్పి దులిపేది. ఆ పెరట్లో గులాబీల మొదట్లో జెడ్డా ఇసుకా, హాంకాంగ్ ఇసుకా కలిసిపోయి ఉన్నాయి. పిల్లలు కలగలేదు. "నాకు ఒంట్లో బాగున్నప్పుడు నువ్వు చైనా సముద్రంలో ఉంటావు, నువ్వొచ్చేసరికి నాకు జలుబు," అని కోబా నవ్వేది. నవ్వేదే కానీ, అతను తిరిగి వెళ్లిన రోజున దుప్పటి ఉతికేది కాదు.

సింగపూర్ పనికి అన్నదమ్ములిద్దరూ కలిసే వెళ్లారు. టూనిస్ గొట్టాల మీద. తమ్ముడు ఆరీ ఒడ్డున, గొట్టం చివర ఇసుక పడేచోట. ఓ సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేచింది. గొట్టాల వరస మధ్యలో తెగి పాములా కొట్టుకుంది. అప్పుడు టూనిస్ దాని మీదే ఉన్నాడు. వాన వెలిసేసరికి గొట్టాలు ఉన్నాయి, మనిషి లేడు. పడవలు వెతికాయి, ఈతగాళ్లు వెతికారు. నీళ్లు బురదగా ఉన్నాయి, చెయ్యి ముంచితే చెయ్యి కనబడదు. దొరకలేదు.

చర్చిలో ప్రార్థన జరిగింది. పాస్టరుగారు శ్మశానంలో ఒక రాయి పెట్టిద్దామన్నారు. కోబా ఒప్పుకోలేదు.

"రాయి కింద ఏం పెడతామండీ? ఆదివారం చొక్కానా?"



మరుసటి ఏడు టూనిస్ పోయిన రోజున కోబా తెల్లపూలు కొని, కరకట్ట దిగి మెర్వెడ నదిలో వేసింది. స్లీడ్రెక్ట్‌లో పుట్టిన మనిషి చెయ్యకూడని పొరపాటు చేసింది. పోటు వేళ చూసుకోలేదు. సముద్రం నీటిని ఎగదోస్తోంది. పూలు కిందికి పోవడం మాని ఎగువకి, గోర్కం ఊరి వైపు కొట్టుకుపోయాయి. ఒక రెమ్మ తిరిగొచ్చి ఆమె చెప్పు దగ్గరే ఆగింది. కోబా మెట్టు మీద కూలబడి ఏడ్చింది. చర్చిలో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత ఏ ఏడూ తప్పు చెయ్యలేదు. ఆటు మొదలయ్యేదాకా కట్ట మీద నిలబడి, నీరు దిగువకి తిరిగాకే వేసేది. మెర్వెడ సముద్రంలో కలుస్తుంది, సముద్రాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, ఆలస్యమైనా అక్కడికి చేరతాయి. అదే ఆమె నమ్మకం. మొగుణ్ణి మింగిన నీళ్లనే మొగుడి ఇల్లనుకుని బతికింది.

ఆరీ ఎన్నడూ ఆ రోజున కట్ట మీదికి రాలేదు. ఊరు చెవులు కొరుక్కుంది. సొంత అన్న, పక్కనే పనిచేసినవాడు, ఓ పువ్వు వెయ్యడానికి కూడా రాడా అని. కోబా మాత్రం ఏమీ అనలేదు. ఆరీ ఆ తర్వాత దుబాయ్ వెళ్లాడు, లాగోస్ వెళ్లాడు, మోకాళ్లు అరిగి ఇంటికొచ్చాడు. సింగపూర్ మాట ఎత్తితే లేచి కుక్కని తిప్పడానికి పోయేవాడు.

కోబాకి డెబ్బై దాటాక గుండె కాస్త మొరాయించింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమెకి ఒకటే కోరిక పట్టుకుంది. పూలు నది చేతికి అప్పగించడం కాదు, టూనిస్ పడిన ఆ నీళ్లలోనే ఒక్కసారి తన చేత్తో వెయ్యాలి. సరిగ్గా ఆ చోటు తెలిసినవాడు ఆరీ ఒక్కడే. అడిగింది.

"అక్కడ ఉక్కపోత కోబా. నీ గుండె ఆగిపోతుంది."

"ఆగితే అక్కడే ఆగుతుంది. నాకేం తొందర్లేదు, చలికాలంలోనే వెళదాం."

"అక్కడ చలికాలం ఉండదు."

ఇంకోసారి మోకాళ్లన్నాడు, మరోసారి కుక్కనెవరు చూస్తారన్నాడు. చివరికి ఆరీ డెబ్బయ్యో పుట్టినరోజున, కుర్చీలన్నీ గుండ్రంగా వేసి, చుట్టాలూ ఇరుగుపొరుగూ కాఫీ తాగుతుండగా, కోబా కప్పు పక్కన పెట్టి అందరి ముందూ అడిగేసింది.

"ఆరీ, ఇవాళ నీ పుట్టినరోజు, కాదనకూడదు. నన్నెప్పుడు తీసుకెళతావు?"

"ఇదెక్కడి న్యాయం? పుట్టినరోజు నాదైతే కానుక నీకా?" అన్నాడు ఆరీ. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

అతని కూతురు మార్లీస్ కేకు కోస్తోంది. ఆ పిల్ల డ్రెడ్జింగ్ కంపెనీ ఆఫీసులోనే పనిచేస్తుంది. రాబోయే పదేళ్లలో ఏ ఖండంలో ఎంత పని పుడుతుందో పటాలు గీసే విభాగం. ఆ ఇంట్లో ఓడెక్కకుండా ఈ పనిలో చేరిన మొదటి మనిషి.

"నాన్న రాకపోతే నేను తీసుకెళతా పెద్దమ్మా. ఎక్కడో చెప్పండి నాన్నా, ఫోన్లో పటం తీస్తా."

"కేకు పంచు ముందు," అన్నాడు ఆరీ.

"పడమటి వైపు. రెండు దీవులుండేవి, వాటి మధ్య," అంది కోబా. టూనిస్ చివరిసారి వచ్చినప్పుడు చెప్పిన మాట అది; మరిచిపోలేదు.

మార్లీస్ కత్తి పెట్టేసి ఫోను చూసింది. వేళ్లతో పటం పెద్దది చేసింది. పాత పటం తీసి పక్కన పెట్టుకుంది. చూస్తూ చూస్తూ ఆలోచించకుండా అనేసింది.

"అక్కడ నీళ్లు లేవు పెద్దమ్మా."

"లేకపోవడమేమిటే?"

"మొత్తం పూడ్చేశారు. ఆ రెండు దీవులూ కలిసిపోయాయి. ఇప్పుడు కంటెయినర్ల యార్డు."

అన్నాక ఆ పిల్లకి తెలిసింది తనేం అన్నదో. గుండ్రంగా కూచున్నవాళ్లలో ఒక్కరూ చెమ్చా కదపలేదు. ఆ గదిలో ఉన్న మగవాళ్లలో సగం మంది సింగపూర్‌లో పనిచేసినవాళ్లే. వాళ్లెవరూ ఆశ్చర్యపోలేదని కోబా గమనించింది. అందరూ తమ కప్పుల్లోకి చూసుకుంటున్నారు. అంటే అందరికీ తెలుసు.

కోబా కోటు తొడుక్కుని, మర్యాద తప్పకుండా అందరికీ చెయ్యిచ్చి, ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆరీ వచ్చాడు. కుక్క లేకుండా వచ్చాడు. వంటింట్లో టూనిస్ కుర్చీలో కాకుండా తలుపు దగ్గర స్టూలు మీద కూచున్నాడు. కోబా కాఫీ పోసింది, బిస్కెట్ల డబ్బా మాత్రం తియ్యలేదు.

"ఎవరు పోశారు?" అని అడిగింది.

"ఏది?"

"ఆ ఇసుక. ఆయన మీద."

ఆరీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మేమే. మా ఓడే. వెతకడం ఆపేశాక గొట్టాల వరస పక్కకి మార్చారు. వేరే వైపు పోశాం కొన్నాళ్లు. తర్వాత ఆ చోటు వంతు వచ్చింది. నక్షాలో ఉన్నదే కదా, ఎవరూ ఆపలేరు. కెప్టెన్ నన్ను పిలిచి, ఇంటికెళ్లిపో ఆరీ, నీ బదులు ఇంకొకణ్ణి పెడతానన్నాడు."

"వెళ్లిపోవాల్సింది."

"వెళ్లలేదు."

"ఎందుకు?"

"గొట్టం చివర ఉండేది నేను కదా కోబా. అడుగు నుంచి ఏదొచ్చినా అక్కడే పడుతుంది. గవ్వలు, లంగర్లు, ఓసారి పాత కుండ కూడా వచ్చింది. ఒకవేళ వస్తే, పరాయివాడి కళ్లబడకూడదనుకున్నాను. వాన పడ్డా, ఎండ కాసినా ఆ నోటి దగ్గర నించుని చూశాను. వట్టి ఇసుకే వచ్చింది."

కోబా కిటికీలోంచి నదిని చూస్తూ ఉండిపోయింది. ఒక మరపడవ వెళ్లింది. దాని అల వచ్చి ఒడ్డు తాకింది.

"ఇన్నేళ్లూ నేను నదిలో పూలు వేస్తుంటే చూస్తూ ఊరుకున్నావు."

"చూడలేకే రాలేదు."

"చెప్పాల్సింది ఆరీ."

"ఎలా చెప్పమంటావు? నీకు మిగిలింది ఆ నీళ్లే కదా."

కోబా లేచి బిస్కెట్ల డబ్బా తీసింది. మూత తీసి అతని ముందు పెట్టింది. ఆరీ ఒకటి తీసుకుని, తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

ప్రయాణం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, మార్లీస్ తప్ప. ఆ పిల్లకి తన నోటి తొందర గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ చలికాలంలో ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్లబోతూ, కోబా ఇంటికి వచ్చింది.

"యార్డు లోపలికి వెళ్లనివ్వరట పెద్దమ్మా. కంచె దగ్గర పెట్టి రమ్మంటారా, పూలు?"

"వద్దమ్మా," అంది కోబా. "లారీలు తొక్కుతాయి."

"మరి మీకోసం ఏమైనా తేనా? అక్కడి ఇసుక..."

"ఆయన లేని ఇసుక నాకెందుకు? ఆయనున్నది ఎంత లోతునో." ఆ పిల్ల ముఖం చూసి గొంతు తగ్గించింది. "నువ్వు ఒళ్లు జాగ్రత్త. నీళ్లు బాగా తాగు. టోపీ పెట్టుకో."

టూనిస్ రోజు వచ్చింది. కోబా అలవాటు కొద్దీ తెల్లపూలు కొంది. ఆటు వేళ చూసుకుని కట్ట మీదికి వెళ్లింది. అప్పటికే అక్కడ ఆరీ నిలబడి ఉన్నాడు, ఆదివారం కోటులో. ఇన్నేళ్లలో మొదటిసారి. కట్ట మీద పోయేవాళ్లు సైకిళ్లు నెమ్మది చేసి చూశారు. ఇద్దరూ మెట్లు దిగారు, ఆరీ మోకాళ్ల కోసం ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ. నీరు తిరిగింది. దిగువకి సాగింది.

కోబా చెయ్యి చాపింది. పూలు వదల్లేదు.

"ఇవెక్కడికి పోతాయి ఆరీ?"

"సముద్రానికి."

"అక్కణ్ణించి?"

జీవితమంతా నీళ్ల మీదే గడిపిన మనిషి, ఏ నీరు ఎటు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాడు, తల వంచుకున్నాడు. కోబా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పూలు ఇంటికి తెచ్చి పాల కూజాలో పెట్టింది. రెక్కలు గోధుమరంగుకి తిరిగి రాలేదాకా అవి వంటింటి బల్ల మీదే ఉన్నాయి.

కోబాకి ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. కరకట్ట మీద అదే ఇంట్లో ఉంటోంది. శ్మశానంలో టూనిస్ పేరు మీద ఈనాటికీ రాయి లేదు, నదిలో పూలు వెయ్యడం మానేసింది. శుక్రవారాలు ఆరీ కాఫీకి వస్తాడు, తలుపు దగ్గర స్టూలు మీద కూచుంటాడు. అతను వచ్చేసరికి కోబా పేపరు చివరి పేజీ సింగపూర్ దాకా చదివేసి ఉంటుంది.